ఉరుముల వాన

ఎండకు కాగిన నేల మీది తేమగాలి తేలికై పైకి లేస్తుంది. అందులోని ఆవిరి నీటి బిందువులుగా మారేటప్పుడు వెలువడే వేడి దాన్ని ఇంకా పైకి తోస్తుంది. అలా 10 కిలోమీటర్లు దాటి ఎదిగేదే క్యుములోనింబస్ మేఘం. లోపల మంచు పలుకులు, మెత్తటి వడగళ్లు ఒరుసుకోవడంతో మెరుపుకు కావలసిన విద్యుదావేశం పుడుతుంది.

ఒంటి మేఘం సాధారణంగా గంటలోపే కురిసి ఆగిపోతుంది. వానతోపాటు దిగే చల్లగాలి, మేఘాన్ని పోషించే వేడిగాలికే అడ్డుపడుతుంది. వానకు ముందు మట్టివాసనతో ముఖానికి కొట్టే గాలి అదే. అది పక్కనున్న వేడిగాలిని ఎగదోస్తే కొత్త మేఘాలు లేచి గుంపు కడతాయి, ఒక్కోసారి బారులు తీరుతాయి. బెంగాల్‌లో కాలబైశాఖి అనే గాలివాన తరచూ ఇలాంటిదే.

అన్నిటికన్నా ప్రమాదకరమైనది సూపర్‌సెల్. ఎత్తుతోపాటు గాలి వేగం, దిశ బాగా మారే చోట పైకెగసే గాలే సుడి తిరుగుతుంది. వాన పక్కకు పడుతుంది కాబట్టి ఆ మేఘం గంటల తరబడి నిలుస్తుంది. అమెరికా మైదానాల్లోని తీవ్రమైన టోర్నడోలు చాలావరకు దీన్నుంచే పుడతాయి.