వెండి మీద గాజు: అసీసీలో ఒక పూజాపాత్ర

బల్క్ డ్రగ్ ఫ్యాక్టరీల్లో గ్లాస్ లైన్డ్ రియాక్టర్ల మధ్యే నా ఉద్యోగమంతా గడిచింది. ఉక్కు పాత్ర లోపల గాజును కాల్చి అతికిస్తే వచ్చే సరుకు అది. అందుకే సావనీరుకు చరిత్ర వ్యాసం రాయమని మన సంఘం వాళ్లు అడగ్గానే, ఇదే పనిని ఏడు వందల ఏళ్ల క్రితం వెండి మీద చేసిన ఒక కంసాలి గుర్తొచ్చాడు.

ఆయన పేరు గుచ్చో ది మన్నాయా, ఊరు ఇటలీలోని సియెనా. ఆయన చేసిన బంగారు పూత వెండి పాత్ర అసీసీలో, పునీత ఫ్రాన్సిస్ బసిలికా ఖజానాలో నేటికీ ఉంది. దివ్యపూజలో ద్రాక్షారసం పోసే పాత్ర అది. ఫ్రాన్సిస్కన్ సభ నుంచి పోపు అయిన మొదటి వ్యక్తి నాలుగో నికొలస్ (1288–1292) దాన్ని ఆ గుడికి ఇచ్చాడు. పాత్ర కాడ మీద పోపు పేరుతో పాటు తన పేరు, ఊరు కూడా చెక్కుకున్నాడు గుచ్చో. నాకు నచ్చిన ధైర్యం అది.

అంతకు ముందు ఫ్రాన్సులోని లిమోజ్ పనివాళ్లు రాగి రేకులో గుంటలు చెక్కి, వెలుతురు చొరని రంగు గాజు నింపేవారు. గుచ్చో వెండి బిళ్లల మీద బొమ్మను లోతు తక్కువగా చెక్కి, పైన పారదర్శకమైన గాజు పరిచాడు. లోతైన చోట గాజు మందంగా నిలిచి రంగు ముదురుతుంది. మిట్టగా ఉన్న చోట పలచబడి కింద వెండి మెరుస్తుంది. బట్ట మడతల నీడలు కుంచె లేకుండానే వస్తాయి. ఈ పద్ధతిలో కాలం తెలిసిన తొలి పనుల్లో ఇదొకటి.

చెప్పినంత తేలిక కాదు. వెండి 962 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది, రాగి కలిస్తే ఇంకా ముందే. ఎనామెల్ గాజు 700–800 డిగ్రీల దగ్గర పారుతుంది. ఆ ఇరుకు సందులో పని ముగించాలి. థర్మామీటరు లేదు, కొలిమి ఎరుపును కంటితో చూసి అంచనా కట్టాలి. గాజు పొడిని నూరాక సరిగా కడగకపోతే రంగు మసకబారుతుంది. పైగా చల్లారేటప్పుడు వెండి గాజు కంటే ఎక్కువ కుంచించుకుంటుంది. పూత ఎక్కడైనా అతిగా మందమైతే చిట్లి ఊడుతుంది. మా రియాక్టర్లలోనూ ఇదే బెంగ. అందుకే వాటికి పదునైన మూల ఎక్కడా ఉండనివ్వరు. పూతలో సూది బెజ్జం ఉన్నా స్పార్క్ టెస్టర్‌తో పట్టుకుంటాం. గుచ్చోకు ఉన్నది కన్ను ఒక్కటే.

నీలం రంగుకు మూలం కోబాల్ట్. కెమిస్ట్రీ లాబ్‌లో బోరాక్స్ పూస పరీక్ష చేసినవారికి, తీగ కొసన మెరిసిన ఆ నీలం గుర్తుండే ఉంటుంది. బంగారు పూత మాత్రం ప్రాణాంతకమైన పని. బంగారాన్ని పాదరసంలో కలిపి, పూసి, వేడి చేసి పాదరసాన్ని ఆవిరిగా వెళ్లగొట్టేవారు. ఆ ఆవిరి పీల్చింది పనివాళ్లే.

డబ్బు ముట్టొద్దన్న సన్యాసి సమాధి ఉన్న గుడికి ఇంత ఖరీదైన పాత్ర ఎందుకు? ఇది నా ఒక్కడి అనుమానం కాదు. ఆ కాలంలో సభను చీల్చిన తగాదా పేదరికం గురించే. కఠిన పేదరికాన్ని వదులుకోని నలుగురు సన్యాసులను 1318లో మార్సెయిల్‌లో తగలబెట్టారు. అయితే పూజాపాత్రలు విలువైనవిగా ఉండాలని గురువులకు రాసిన లేఖల్లో కోరింది ఫ్రాన్సిసే. తన ఒంటికి గోనెగుడ్డ చాలు, బలిపీఠానికి మాత్రం చాలదని ఆయన లెక్క. కాబట్టి ఈ పాత్ర ఆయన మాటకు ఎదురు కాదనే నేననుకుంటాను. నలుగురిని కాల్చిన మంట మాత్రం ఏ లెక్కలోకీ రాదు.