ఒళ్ళు మండించే నాయిక

వాటర్లూలో ఫిరంగులు మోగుతున్నాయి. బ్రస్సెల్స్‌లో పారిపోవాలనుకున్న వాళ్ళకు గుర్రాలు దొరకడం లేదు. ఆ గత్తరలో తన గుర్రాలను కళ్ళు తిరిగే ధరకు అమ్ముకున్న ఆడమనిషి బెకీ షార్ప్. 1847-48లో థాకరే విడివిడి భాగాలుగా వెలువరించిన ‘వానిటీ ఫెయిర్’లో, తనకు ముప్పై ఏళ్ళ వెనకటి యుద్ధం నడుమ ఈమెను నిలబెట్టాడు. పక్కన అమీలియా అనే సాధుజీవిని పెట్టాడు. జాలి అమీలియాకు దక్కింది గానీ, పుస్తకం కింద పెట్టనివ్వనిది బెకీయే. చెడ్డపిల్ల, మంచిపిల్ల, వాళ్ళ వెనక ఒక యుద్ధం: చరిత్ర నేపథ్యంగా వచ్చిన ప్రేమకథలు ఆ తర్వాత ఈ అమరికను బాగానే వాడుకున్నాయి.

దాన్ని అందరికన్నా గట్టిగా వాడుకున్నది అట్లాంటా విలేఖరి మార్గరెట్ మిచెల్. 1926లో చీలమండ దెబ్బ తిని, ఉద్యోగం మానేసి, ఇంటిపట్టున ఉండి మొదలుపెట్టిన ‘గాన్ విత్ ద విండ్’ 1936 జూన్‌లో వచ్చింది. వెయ్యి పేజీలు దాటిన పుస్తకం, వెల 3 డాలర్లు. ఆర్థికమాంద్యం ఇంకా తీరని రోజుల్లో ఆ ఏడాది ముగిసేలోగా పది లక్షల ప్రతులు అమ్ముడయ్యాయి. మరుసటేడు పులిట్జర్ వచ్చింది. ఎం.వి. రమణారెడ్డి ‘చివరకు మిగిలింది’ పేరుతో దీన్ని తెలుగు చేశారు.

ఈ నవల నాయిక స్కార్లెట్‌ను ఇష్టపడటానికి రచయిత్రి మనకు పెద్దగా సాయం చేయదు. మొదటి పెళ్ళి కసితో చేసుకుంది. రెండోది పుట్టింటి టారా తోట మీద పడ్డ 300 డాలర్ల పన్ను కోసం. అదీ చెల్లెలు పెళ్ళాడాలనుకున్న వాడికి అబద్ధం చెప్పి. మూడో మొగుడు రెట్ బట్లర్ ఇంట్లో ఉండగానే మనసు ఆడపడుచు మెలనీ భర్త ఆష్లీ మీద. కన్నపిల్లల ఊసు పట్టదు. 1939 సినిమా అయితే ఆమె ముగ్గురు పిల్లల్లో ఇద్దర్ని అసలు పుట్టించనే లేదు! కోత మిల్లుల్లో పనికి ఖైదీలను తెస్తుంది. వాళ్ళ కడుపు మాడ్చే మేస్త్రీని తెలిసి తెలిసి కొనసాగిస్తుంది.

అట్లాంటా పెద్దమనుషులు ఆమెను వెలివేసినట్టు చూడటానికి ఇవన్నీ కారణాలే. అసలు నేరం మరొకటి. అమెరికా అంతర్యుద్ధంలో దక్షిణాదిది పవిత్ర పోరాటం అన్న మాట ఆమెకు వట్టి విసుగు. నల్లవాళ్ళ మీద దాడులు చేసే ముసుగు ముఠా కూ క్లక్స్ క్లాన్ సంగతి తెలిసినప్పుడు ఆమె మండిపడేది న్యాయం కోసం కాదు, మిల్లులు పోతాయేమోనని. సాటిలేని ఇల్లాలిగా మిచెల్ తీర్చిన మెలనీ మాత్రం ఆ ముసుగుమనుషుల్ని వీరులనుకుంటుంది. బానిసల కాలాన్ని తలుచుకుని నిట్టూర్చే కథకురాలి కన్నా, లెక్కల పుస్తకం తప్ప మరేదీ నమ్మని ఈ స్వార్థపరురాలే నాకు నయమనిపిస్తుంది. ఆమె గయ్యాళితనం లేకపోతే నవల మొత్తం కన్నీటి జాతరే.

అదే దారిలో 1944లో కాథ్లీన్ విన్సర్ ‘ఫరెవర్ ఆంబర్’ రాసింది. రెండో ఛార్లెస్ కాలపు లండన్, 1665 ప్లేగు, 1666 అగ్నిప్రమాదం, పక్కల మీదుగా రాజు దాకా ఎక్కిన ఆంబర్. పద్నాలుగు అమెరికన్ రాష్ట్రాలు నిషేధించాయి. మాసచూసెట్స్‌లో ప్రభుత్వం తరఫున శృంగార ఘట్టాలను లెక్కపెట్టి 70 తేల్చారు. అంత శ్రద్ధగా చదివిన పాఠకులు ఏ రచయితకు దొరుకుతారు? 1972లో కాథ్లీన్ వుడివిస్ నుంచి మొదలైన పేపర్‌బ్యాక్ ప్రేమకథల వెల్లువలో ఇలాంటి గడుసువాళ్ళు వెనక్కి తగ్గారు. పొగరంతా నాయకుడికి పోయింది.

స్కార్లెట్ వైపు నుంచి 1991లో ఒక కొనసాగింపు వచ్చింది, పెద్దగా చెప్పుకోదగ్గది కాదు. 2001లో ఆలిస్ రాండాల్ ‘ద విండ్ డన్ గాన్’ కథను తలకిందులు చేసింది: చెప్పేది స్కార్లెట్ తండ్రికి బానిస స్త్రీ వల్ల పుట్టిన సైనారా. మిచెల్ వారసులు కోర్టుకెక్కి పుస్తకాన్ని ఆపించారు. పై కోర్టు నిషేధం ఎత్తేసింది. చివరికి రాజీ కుదిరి, ప్రచురణకర్తలు అట్లాంటాలోని మోర్‌హౌస్ కాలేజీకి విరాళమిచ్చారు. ఆ కాలేజీలో వైద్యవిద్యకు సిద్ధమయ్యే నల్లజాతి విద్యార్థులకు 1940లలో మిచెల్ గుట్టుగా ఫీజులు కట్టింది.