గుంటూరులో దొరికింది హీలియమేనా?

1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణంలో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పియర్ జాన్సెన్ గుంటూరులో హీలియం కనుగొన్నాడని మన పత్రికలు, పోటీ పరీక్షల పుస్తకాలు తరచూ రాస్తుంటాయి. ఊరి మీద అభిమానం మంచిదే. కానీ ఈ మాట చరిత్రకు నిలవదు. పైగా గుంటూరుకు దక్కాల్సిన అసలు ఘనతను మరుగుపరుస్తుంది.

ఆ ఘనత మూలాలు పదిహేడో శతాబ్దంలో ఉన్నాయి. 1637లో దెకార్త్ వక్రీభవన సూత్రాన్ని ప్రచురించాడు. 1690లో హైగెన్స్ తరంగ సిద్ధాంతాన్ని వెలువరించాడు. కాంతి కణాలా, తరంగాలా అన్న తగవునే మన పాఠాలు సాగదీస్తాయి. నా దృష్టిలో అంతకన్నా విలువైనది న్యూటన్ 1672లో ప్రకటించిన పట్టకం ప్రయోగం. చీకటి గదిలోకి గుండ్రటి రంధ్రం నుంచి వచ్చిన ఎండ పట్టకం దాటాక, ఎదుటి గోడ మీద వెడల్పుకు ఐదు రెట్ల పొడవున రంగుల పట్టీగా పరుచుకుంది. తెల్లని కాంతి మిశ్రమమనీ, ఒక్కో రంగు ఒక్కో మేరకు వంగుతుందనీ ఆయన తేల్చాడు. 1802లో వొలాస్టన్ రంధ్రానికి బదులు సన్నని చీలిక వాడితే ఆ పట్టీలో నల్లగీతలు బయటపడ్డాయి. అవి మూలకాల ఆనవాళ్లని 1859లో కిర్కాఫ్ నిరూపించాడు.

ఇక గుంటూరు. గ్రహణవేళ సూర్యుని అంచున ఎగసే జ్వాలల వర్ణపటంలో జాన్సెన్‌కు మెరిసే గీతలు కనిపించాయి. జ్వాలలు ప్రధానంగా హైడ్రోజన్ వాయువని తేలింది. గీతల ప్రకాశం చూసి, గ్రహణం లేకున్నా వీటిని పట్టుకోవచ్చని ఆయనకు తోచింది. మర్నాడే పట్టుకున్నాడు. మామూలు రోజుల్లో జ్వాలలను కనబడనివ్వనిది ఆకాశపు వెలుగు. పట్టకాలు ఆ తెల్లని వెలుగును పరిచి పలచబరుస్తాయి. జ్వాలల కాంతి మాత్రం కొద్ది గీతల్లోనే చిక్కగా నిలుస్తుంది. న్యూటన్ గోడ మీద చూసిన సూత్రమే ఇక్కడ పనిముట్టయింది.

మరి హీలియం గీత? ఆ పసుపు గీత జాన్సెన్ ఒక్కడి సొత్తు కాదు. గుంటూరులోనే ఉన్న మేజర్ టెనెంట్ దాన్ని సోడియం గీతగా లెక్కగట్టాడు. మచిలీపట్నంలో మద్రాసు అబ్జర్వేటరీ ఖగోళజ్ఞుడు పాగ్సన్ కూడా పసుపు గీతను గమనించాడు. కొత్త మూలకం అన్న మాట జాన్సెన్ ప్రకటనలో లేదు. అది సోడియం గీతతో కలవదని చూపింది ఇంగ్లండులో లాకియర్, అదే ఏడాది అక్టోబరు 20న. గ్రహణం లేకుండా జ్వాలలను చూసే పద్ధతిని ఆయనా స్వతంత్రంగా సాధించాడు. కాకినాడ నుంచి జాన్సెన్ రాసిన లేఖ, లాకియర్ ఫలితం పారిస్ అకాడమీ ముందుకు ఒకే రోజు వచ్చాయి. భూమ్మీద హీలియాన్ని రాంసే వేరుచేసింది 1895లో. అంటే గుంటూరులో గీత కనిపించింది, మూలకం తేలలేదు. అక్కడ పుట్టింది ఒక పద్ధతి.

ఆ పద్ధతి వారసత్వం కుప్పానికి ఆగ్నేయంగా, తమిళనాడు జవ్వాది కొండల్లోని కావలూరులో నేటికీ సాగుతోంది. హైదరాబాదులో పెరిగిన వేణు బప్పు నెలకొల్పిన ఆ వేధశాలలో 2.34 మీటర్ల టెలిస్కోపు నక్షత్రాల కాంతిని ఇలాగే విడదీస్తుంది. అంత దగ్గరున్నా మదనపల్లె, పుంగనూరు, కుప్పం పిల్లలకు గుంటూరు కథ ఒక్క మార్కు ప్రశ్నగానే అందడం నాకు సమ్మతం కాదు. ఉపాధ్యాయులకు నా మనవి ఒకటే: ఆ జవాబు బట్టీ పట్టించే ముందు ఒక పట్టకం, ఒక సన్నని చీలిక పిల్లల చేతికివ్వండి.