బీటిల్స్ తొలినాళ్ల పాటల ఎంపిక (1960-1964): ఒక పరిశీలన

1. ఉపోద్ఘాతం:

ఇతరులు పాడి ప్రసిద్ధం చేసిన పాటలను వేదికపై తిరిగి వినిపించే బృందాలను ‘కవర్ బ్యాండ్’లు అంటారు. వీటి కృషిని కేవలం అనుకరణగా భావించడం పరిపాటి. అయితే ఏ పాట పాడాలి, దేన్ని విడిచిపెట్టాలి అన్న నిర్ణయంలోనే బృందం తన విశిష్టతను రూపొందించుకుంటుంది. ఇంగ్లండులోని లివర్‌పూల్‌కు చెందిన బీటిల్స్ ఇందుకు చక్కని నిదర్శనం. స్వీయరచనలతో ప్రపంచఖ్యాతి పొందిన ఈ బృందం తొలి సంవత్సరాలలో ప్రధానంగా ఇతరుల పాటలే పాడింది. ఆ ఎంపికను నిర్దేశించిన అంశాలను పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

2. ప్రదర్శన వ్యవధి - శ్రోతలు:

1960 ఆగస్టులో బీటిల్స్ జర్మనీలోని హాంబర్గ్ చేరి, మొదట ఇంద్రా క్లబ్బులోను, అక్టోబరు నుండి కైజర్‌కెల్లర్‌లోను పాడారు. రాత్రికి నాలుగున్నర నుండి ఆరు గంటలు వేదికపై ఉండవలసి వచ్చేది. తెలిసిన కొద్ది పాటలు అంత సేపటికి చాలవు. కాబట్టి కొత్త పాటలు నేర్చుకోవాలి, లేదా ఉన్న పాటను పొడిగించాలి. రే చార్లెస్ పాడిన ‘వాట్‌డ్ ఐ సే’ను శ్రోతలతో పలికిస్తూ ఎంతసేపైనా సాగించవచ్చు. నాట్యం చేసేవారికి వేగవంతమైన పాటలు కావాలి; మధ్యమధ్య ఊరటగా ‘టిల్ దేర్ వజ్ యూ’ వంటి మెల్లని పాటలు ఉండాలి.

3. గాయకుల గాత్రధర్మం:

పాటల పంపకం గొంతును బట్టి జరిగింది. లిటిల్ రిచర్డ్ తారస్థాయి పాటలు పాల్ మెకార్ట్నీకి, చక్ బెర్రీ పాటలు ఎక్కువగా జాన్ లెనన్‌కు, కార్ల్ పెర్కిన్స్ పాటలు కొన్ని జార్జ్ హారిసన్‌కు దక్కాయి. డ్రమ్స్ వాయించేవారికి కూడా ఒక పాట ఉండేది. ‘బాయ్స్’ను మొదట పీట్ బెస్ట్ పాడేవారు, 1962 ఆగస్టులో ఆయన స్థానంలోకి వచ్చిన రింగో స్టార్ కూడా దాన్నే పాడారు.

4. స్థానిక బృందాల పోటీ:

లివర్‌పూల్‌లో ఒకే వేదికపై వరుసగా పలు బృందాలు పాడేవి. ముందు బృందం పాడేసిన పాటకు తర్వాతివారి నోట విలువ తగ్గుతుంది. అందువల్ల బీటిల్స్ అమెరికన్ రికార్డుల రెండో వైపును వెదికారు. షిరెల్స్ బృందం 1960లో విడుదల చేసిన ప్రసిద్ధ రికార్డు వెనుక వైపు పాటే పైన పేర్కొన్న ‘బాయ్స్’. కానీ రెండో వైపు కూడా ఎవరి సొత్తూ కాదు; ఇతరులూ దాన్ని నేర్చుకోగలరు. మరొకరు ముందుగా పాడలేనిది సొంత పాట ఒక్కటే. తాము స్వీయరచనలను వేదికకెక్కించడానికి ఇదొక కారణమని మెకార్ట్నీ తర్వాతి కాలంలో చెప్పారు.

5. వేదిక నుండి రికార్డుకు:

1962 జనవరి 1న లండన్‌లో డెక్కా సంస్థ నిర్వహించిన పరీక్షలో బీటిల్స్ 15 పాటలు పాడారు. వాటిలో స్వీయరచనలు 3 మాత్రమే. మేనేజర్ బ్రయన్ ఎప్‌స్టీన్ ప్రమేయంతో కూర్చిన ఈ జాబితాలో రాక్ పాటలు, పాత సినిమా పాటలు, హాస్యగీతాలు కలగలిసి ఉన్నాయి. బృందానికి ఏవైనా పాడగల నేర్పు ఉందని అది చూపింది గాని, దాని ప్రత్యేకత ఏమిటో చూపలేదు. డెక్కా వారిని తిరస్కరించింది. ఎంపిక ఒక్కటే ఇందుకు కారణం కాకపోవచ్చు. అయినా ఎదుట శ్రోతలు లేనిచోట వైవిధ్యం బలం కాలేదన్నది గమనార్హం.

అదే సంవత్సరం సెప్టెంబరులో నిర్మాత జార్జ్ మార్టిన్ సూచించిన మిచ్ మర్రే పాటను రికార్డు చేసినా, దానికి బదులు తమ ‘లవ్ మీ డూ’నే విడుదల చేయాలని కోరి సాధించుకున్నారు. 1963 నాటి తొలి ఆల్బమ్‌లోని 14 పాటలలో 8 స్వీయరచనలు, 6 ఇతరులవి. ఆ ఆరింటినీ ఫిబ్రవరి 11న ఒక్కరోజులోనే, మరో నాలుగు పాటలతో పాటు రికార్డు చేయగలగడం వేదికాభ్యాస ఫలితమే.

6. ముగింపు:

వ్యవధి, శ్రోతలు, గాత్రం, పోటీ అనే నాలుగు అంశాలు బీటిల్స్ ఎంపికను నడిపించాయి. వీటిలో పోటీయే వారిని స్వీయరచన వైపు బలంగా నెట్టింది. ఈ పరిణామం సరళరేఖలో సాగలేదు. 1964 జూలై ఆల్బమ్‌లో అన్నీ సొంత పాటలే ఉండగా, తీరిక కరవైన ఆ డిసెంబరు ఆల్బమ్‌లో తిరిగి 6 పాత వేదిక పాటలు చోటుచేసుకున్నాయి. కాబట్టి ఇతరుల పాటలు వారికి దాటిపోయిన దశ మాత్రమే కాదు, అవసరానికి అందివచ్చిన నిధి కూడా.