బురదకీ ఒక చరిత్ర ఉంది!

మన తెలుగువాళ్లు చాలామంది ఉండే శాన్ హోసే పక్కనే ఒకప్పుడు న్యూ అల్మడెన్ అనే పాదరసం గని ఉండేది. 1848లో కాలిఫోర్నియాలో బంగారం దొరికాక, దాన్ని ఇసుక నుంచి వేరుచేయడానికి ఆ పాదరసం తెగ వాడారు. గని వ్యర్థాలు నది వెంట కొట్టుకొచ్చి శాన్ ఫ్రాన్సిస్కో అఖాతం బురదలో పేరుకున్నాయి.

2003లో ప్రభుత్వ సంస్థలు అక్కడి 15,100 ఎకరాల ఉప్పుమడులు తీసుకున్నాయి, మళ్లీ చిత్తడి నేలలుగా మార్చాలని. గట్టు తెంచి నీళ్లు వదిలితే సరిపోదా? సరిపోదు. బురద కదిలితే పాదరసం చేపల్లోకి, పక్షుల్లోకి చేరుతుంది. అందుకే ఏ8 అనే మడిలో ముందే బురద, చేపలు, పక్షి గుడ్లు పరీక్షించారు. 2011లో, అవసరమైతే మూసేలా, గేటు తెరిచారు. మొదట్లో గుడ్లలో పాదరసం పెరిగింది, తర్వాత తగ్గింది.

నేను చెప్పేది ఒక్కటే: ముందు లెక్క ఉంది కాబట్టే ఆ తేడా తెలిసింది. లేకపోతే మేలు చేశామో కీడు చేశామో ఎవరికి తెలిసేది?