గ్లోబల్ ట్రస్ట్ బ్యాంకు
సికింద్రాబాదు కేంద్రంగా 1994లో మొదలైన ప్రైవేటు బ్యాంకు. వైశ్యా బ్యాంకును నడిపిన రమేశ్ గెల్లి దీని వ్యవస్థాపకుడు. షేర్ దలాలు కేతన్ పరేఖ్ కంపెనీలకు ఇచ్చిన అప్పులు 2001 షేర్ మార్కెట్ కుంభకోణంలో ఇరుక్కున్నాయి. యూటీఐ బ్యాంకుతో తలపెట్టిన విలీనం నిలిచిపోయింది. మొండి బాకీలు పెరిగి మూలధనం హరించుకుపోయింది. 2004 జూలై 24న కేంద్రం మారటోరియం విధించింది. దాంతో ఖాతాకు 10,000 రూపాయలు మించి తీసుకోవడానికి వీల్లేకపోయింది. తమ ఊళ్లో పుట్టిన బ్యాంకని నమ్మి దాచుకున్నవారికి అది పిడుగుపాటే. రెండు రోజులకే, ప్రభుత్వరంగ ఓరియంటల్ బ్యాంక్ ఆఫ్ కామర్స్‌లో దీన్ని కలుపుతున్నట్టు రిజర్వు బ్యాంకు ప్రకటించింది. ఆగస్టు 14న విలీనం అమలైంది. డిపాజిట్లన్నీ దక్కాయి. వాటాదారులకు మాత్రం ఏమీ మిగల్లేదు; వారిలో చిన్న మదుపరులూ ఉండటం ఈ ఉదంతంలో అన్నిటికన్నా బాధాకరం.