ఆ గదిలో గట్టిగా అడిగితే నిజం బయటికొస్తుందా?

ఈ ఎపిసోడ్‌ని నేను చేసిన ఒక తప్పుతో మొదలుపెడతాను.

ఇంటర్ సెకండియర్‌లో మా హాస్టల్లో ఒక ఫోన్ పోయింది. నా పక్క బెడ్ కుర్రాణ్ణి ఆఫీసు గదిలోకి పిలిచారు. ముగ్గురు చుట్టూ నిలబడి గంటసేపు అడిగారు. నేను తలుపు దగ్గర నిలబడి చూస్తున్నా. వాడికి చెమటలు పడుతున్నాయి, మాట తడబడుతోంది, తల ఎత్తట్లేదు. "వీడే తీశాడ్రా" అని నాకు అప్పుడే గట్టిగా అనిపించింది. చివరికి వాడు ఒప్పుకున్నాడు కూడా. నాలుగు రోజుల తర్వాత ఆ ఫోన్ ఎవరిదో వాళ్ళ ఇంట్లోనే, బట్టల బ్యాగులో దొరికింది.

చేయని పని వాడెందుకు ఒప్పుకున్నాడు? నేనెందుకు అంత తేలిగ్గా నమ్మేశాను? ఈ రెండో ప్రశ్న నన్ను చాలాకాలం వదల్లేదు. ఆలోచిస్తే అర్థమైంది: చెమటలు పడితే దొంగే అని నాకు నేర్పింది టీవీ. మరి టీవీకి ఎవరు నేర్పారు? ఇవాళ్టి కథ అదే.

మొదట్లో క్రైమ్ సీరియళ్ళలో ఈ ఆవేశం లేదు. అమెరికాలో 'డ్రాగ్‌నెట్' 1949లో రేడియోలో, 1951లో టీవీలో మొదలైంది. జాక్ వెబ్ అందులో హీరో, డైరెక్టర్ కూడా ఆయనే. లాస్ ఏంజెలెస్ పోలీసుల ఫైళ్ళలోని కేసులే కథలు. నటులు టెలిప్రాంప్టర్ చూసి డైలాగులు చదివేవాళ్ళు. అందుకే మాటలు రైల్వే స్టేషన్ అనౌన్స్‌మెంట్‌లా ఒకే గొంతులో సాగేవి. ఏడుపుల్లేవు, అరుపుల్లేవు.

అదే సమయంలో న్యూయార్క్‌లో ఇంకొకటి జరుగుతోంది. 1947లో పెట్టిన యాక్టర్స్ స్టూడియోలో లీ స్ట్రాస్‌బర్గ్ నటులకి ఒక పద్ధతి నేర్పించేవాడు. సింపుల్‌గా చెప్పాలంటే, పాత్ర ఏడవాలంటే నీ జీవితంలో నిన్ను ఏడిపించిన విషయం లోపలి నుంచి తవ్వి తీసుకో. దాన్నే మెథడ్ అన్నారు. 1958లో వచ్చిన 'నేకెడ్ సిటీ' సీరియల్‌ని న్యూయార్క్ వీధుల్లోనే తీశారు. రాబర్ట్ డువాల్, డస్టిన్ హాఫ్‌మన్ లాంటి కుర్ర నటులు అందులో చిన్న వేషాలు వేశారు. నేరస్థుడికి కూడా ఒక మనసు ఉంటుందని టీవీ ప్రేక్షకుడికి అక్కడ కనిపించడం మొదలైంది.

ఇప్పుడు 1993కి వద్దాం. మీలో చాలామంది 'బ్రూక్లిన్ నైన్-నైన్' చూసుంటారు. తను నవ్వకుండా మనల్ని నవ్వించే కెప్టెన్ హోల్ట్ గుర్తున్నాడా? ఆయన ఆండ్రే బ్రౌగర్. 2023 డిసెంబర్‌లో చనిపోయారు. ఆయనకి పేరు తెచ్చింది మాత్రం కామెడీ కాదు, 'హోమిసైడ్: లైఫ్ ఆన్ ద స్ట్రీట్'. డేవిడ్ సైమన్ అనే రిపోర్టర్ బాల్టిమోర్ పోలీసుల హత్యల విభాగంలో ఒక ఏడాది తిరిగి 1991లో పుస్తకం రాశాడు. దాని ఆధారంగా తీసిన సీరియల్ ఇది.

తీసే పద్ధతే వేరు. కెమెరా స్టాండ్ మీద ఉండదు, మనిషి చేతిలో ఉంటుంది. ఒక సీన్‌ని మొదటి నుంచి చివరి దాకా మళ్ళీ మళ్ళీ చేయిస్తారు. కెమెరా ఎటు తిరుగుతుందో తెలియదు కాబట్టి గదిలో ఉన్న ప్రతి నటుడూ ప్రతి క్షణం పాత్రలోనే ఉండాలి. జూలియార్డ్‌లో చదివి, స్టేజి మీద షేక్‌స్పియర్ నాటకాలు వేసిన బ్రౌగర్‌కి ఇది సరిగ్గా సరిపోయింది.

1993 మార్చిలో వచ్చిన ఎపిసోడ్ 'త్రీ మెన్ అండ్ ఎడీనా'. దాదాపు మొత్తం ఒకే గదిలో. ఇద్దరు డిటెక్టివ్‌లు, గుర్రబ్బండి మీద పళ్ళు అమ్మే ఒక ముసలాయన. పదకొండేళ్ళ పాపని చంపింది ఆయనేనని అనుమానం. చేతిలో ఉన్నది పన్నెండు గంటలు. బ్రౌగర్ బుజ్జగిస్తాడు, గుసగుసలాడతాడు, అరుస్తాడు. ముసలాయనగా చేసిన మోజెస్ గన్ తిరిగి వాళ్ళిద్దరి గుండెల్లో దాచుకున్నవే బయటికి లాగుతాడు. టామ్ ఫాంటానాకి ఈ రచనకే ఎమ్మీ వచ్చింది.

ఇంతా అయ్యాక చివరికి ఏం తేలింది? ఏమీ తేలలేదు. ఆయన హత్య ఒప్పుకోడు. మొదట్నుంచి ఆయనే చేశాడన్న డిటెక్టివ్‌కి నమ్మకం పోతుంది, అనుమానంగా ఉన్న డిటెక్టివ్‌కి నమ్మకం కుదురుతుంది. అంత ఆవేశం నిజాన్ని ఒక్క అడుగు కూడా దగ్గరికి తేలేదు.

ఆ మరుసటి ఏడాది ఇంకో అడుగు ముందుకేశారు. 'బ్లాక్ అండ్ బ్లూ' ఎపిసోడ్‌లో ఇదే పాత్ర, తన పై అధికారి మీద కోపంతో, ఒక కుర్రాణ్ణి అదే గదిలో కూర్చోబెట్టి మాటలతోనే మెత్తబరుస్తాడు. కుర్రాడు ఏడ్చి హత్య ఒప్పుకుంటాడు. ఆ కుర్రాడు ఏ తప్పూ చేయలేదు, ఆ సంగతి డిటెక్టివ్‌కి కూడా తెలుసు! అది చూస్తుంటే నాకు మా హాస్టల్ ఆఫీసు గదే కనిపించింది. బ్రౌగర్ ఎంత బాగా చేశాడంటే, ఒక నిమిషం పాటు నేను కూడా ఆ కుర్రాణ్ణి అనుమానించాను.

తర్వాత వచ్చిన చాలా సీరియళ్ళు ఆ ఆవేశాన్ని తీసుకున్నాయి, ఆ అనుమానాన్ని వదిలేశాయి. మనం చిన్నప్పట్నుంచి చూసిన 'సీఐడీ' 1998 నుంచి 2018 దాకా ఇరవై ఏళ్ళు నడిచింది. దయా ఒక్కటి పీకగానే నిందితుడు మొత్తం చెప్పేస్తాడు, కేసు క్లోజ్. సరదాగా ఉంటుంది, నేనూ ఫ్యానే. కానీ అక్కడ దెబ్బ ఎప్పుడూ తప్పు మనిషికి తగిలినట్టు అనిపించదు.

ఇంకో దారి కూడా ఉంది. 2019లో వచ్చిన 'ఢిల్లీ క్రైమ్'లో షెఫాలీ షా డీసీపీ. ఆవిడ కోపం ఎక్కువగా కళ్ళలోనే ఉంటుంది. నిద్రలేని ముఖం, బిగబట్టిన దవడ. కేసు ముందుకెళ్ళేది ఆవిడ టీమ్ రాత్రింబవళ్ళు తిరిగి పోగుచేసే ఆధారాలతో. 2020లో ఇంటర్నేషనల్ ఎమ్మీలో బెస్ట్ డ్రామా సిరీస్ అవార్డు దానికే వచ్చింది. భారతీయ సిరీస్‌కి అది మొదటిసారి.

ఇక అసలు విషయం. పోలీసు అధికారి ముందు ఒప్పుకున్న మాటని నిందితుడి మీద నేరం రుజువు చేయడానికి వాడకూడదని మన చట్టం 1872 నుంచే చెబుతోంది. పాత ఎవిడెన్స్ చట్టంలో అది సెక్షన్ 25. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్‌లో సెక్షన్ 23. పోలీస్ స్టేషన్లలో, విచారణ గదుల్లో కూడా సీసీ కెమెరాలు పెట్టాలని 2020లో సుప్రీంకోర్టు ఆదేశించింది. భయపెడితే మనిషి ఏదైనా ఒప్పుకుంటాడని చట్టానికి తెలుసు. టీవీ చూసే మనకే తెలియదు.

అందుకే ఈసారి ఏదైనా సిరీస్‌లో ఎవరైనా టేబుల్ మీద గుద్ది అరుస్తుంటే నటన ఎంజాయ్ చేయండి, తప్పేం లేదు. ఒక్క ప్రశ్న మాత్రం వేసుకోండి: ఈ మనిషి ఏడవడం తప్ప ఇక్కడ వేరే ఆధారం ఏముంది?

మా వాడు ఆ ఏడాదే హాస్టల్ ఖాళీ చేసి వెళ్ళిపోయాడు. ఫోన్ దొరికిన రోజు వాడికి సారీ చెప్పినవాళ్ళు ఎవరూ లేరు. వాళ్ళలో నేనూ ఉన్నా. ఈ ఎపిసోడ్ లింక్ ముందు వాడికే పంపుతున్నా.

ఉంటాను మరి. వచ్చే వారం కలుద్దాం.